సిరిసిల్లకు మూడు జీరో టికెట్లు

ఒక ఊరిలో ఉండబోయే ముందు ఆ ఊరిని ఒకసారి చూసి రావాలని అందరూ చెబుతారు. ఏం చూడాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. గుడి చూస్తారు, బస్టాండు చూస్తారు, హోటల్లో టిఫిన్ తిని ఊరు బాగుందని వచ్చేస్తారు. నేను నలభై ఏళ్ళు బీడీలు చుట్టినదాన్ని. ఊరిని గడపలను బట్టి చూస్తాను. పొద్దున పదింటికి ఒక గల్లీలో నడిచి చూడండి. ఎన్ని గడపల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారో లెక్కపెట్టండి. బీడీ చుట్టేవాళ్ళ చేతులు ఆకు మీద ఉంటాయి, కళ్ళు దారి మీద ఉంటాయి. అలాంటి గల్లీలో ఆడపిల్ల ఒంటరిగా నడిచినా ఏమీ కాదు. అద్దాల తలుపులు వేసుకున్న పెద్ద ఇళ్ళ గల్లీలో నాకు ఆ నమ్మకం లేదు.

ఇంత తెలిసిన నేను కూడా సిరిసిల్లలో రెండు తప్పులు చేశాను. అవి కూడా చెబుతాను.

మా ఇల్లు కోరుట్లలో. ఇంట్లో నేను, నా బిడ్డ, ఆమె ఇద్దరు పిల్లలు. అల్లుడు మస్కట్‌లో పని చేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. బిడ్డ ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది. చిన్నవాడు బడికి పోతాడు. పెద్దది, నా మనవరాలు, రోజూ బస్సులో జగిత్యాల పోయి ఇంటర్ చదివింది. తర్వాత నర్సింగుకు రాస్తే సిరిసిల్లలో సీటు వచ్చింది. అది చిన్నప్పటి నుంచి కోరుకున్నది ఆ చదువే. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా దగ్గర కూర్చుని గంటకోసారి నుదురు పట్టి చూసేది.

సీటు వచ్చిన సంతోషం ఒక పూట ఉంది. మర్నాడు కాలేజీకి ఫోన్ చేస్తే హాస్టల్ నిండిపోయిందన్నారు. రోజూ పోయి రావడానికి కుదరదు, పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలట. పన్నెండు రోజుల్లో చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నా బిడ్డ మిషను మీద నుంచి తల ఎత్తకుండానే తేల్చేసింది.

"జగిత్యాలల డిగ్రీ సదువుతది. పొద్దుగాల పోతది, పొద్దూకెవరకు అత్తది. గంతే."

"సీటు అచ్చిన పొల్లను డిగ్రీ సదువుమంటవా?" అన్నాను.

"మరేం జెయ్యమంటవే అవ్వా? గా సిరిసిల్లల మనకు ఎవలున్నరు? పొల్లను ఎవల పాలు జేత్తం?"

"నేను పోత దాని ఎంబడి. గది కిరాయికి దీసుకుంట."

మిషను ఆగింది. "నువ్వా? నీకు ఊరు ఎర్కనా?"

"ఎర్క జేసుకుంట."

"గీ ఈడుకు గిప్పుడు ఊరు ఎర్కజేసుకుంటదట!" అని గోడకు చెప్పింది. నా బిడ్డకు నా మీద కోపం వస్తే గోడతో మాట్లాడుతుంది.

మనవరాలు వాకిట్లోకి పోయి, పొద్దునే తోమిపెట్టిన గిన్నెలు మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నేను వినలేకపోయాను.

నా బిడ్డ అన్నదాంట్లో తప్పు లేదు. నాకు తెలిసిన ఊళ్ళు రెండే. కోరుట్లలో కాపురం చేశాను కాబట్టి తెలుసు. జగిత్యాల నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది. అప్పుడు నాకు అక్షరం రాదు. బస్సును బోర్డుతో కాదు, ఎక్కేవాళ్ళ ముఖాలతో గుర్తుపట్టేదాన్ని. కోరుట్ల బస్సయితే మా గల్లీ మనిషి ఒక్కరన్నా ఉంటారు కదా అని నా లెక్క. ఒకసారి జగిత్యాల బస్టాండులో మా పక్కింటామె ఒక బస్సు ఎక్కుతుంటే వెనకే ఎక్కి కూర్చున్నాను. ఆమె ఆ రోజు పోతున్నది రాయికల్‌లోని పుట్టింటికి. రాయికల్‌లో దిగాక గాని నాకు తెలియలేదు. ఆమె తల్లి బువ్వ పెట్టి పంపింది. ఆ రోజు అంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఏడుపు వచ్చింది. బోర్డు అక్కడే ఉంది, నా కళ్ళూ ఉన్నాయి, చూపే లేదు.

అక్షరాలు నాకు ఈ మనవరాలే నేర్పింది. అది ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నాకు యాభై దగ్గర. బడి నుంచి వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి టీచరమ్మ ఆట ఆడేది. తప్పు రాస్తే బలపంతో వేళ్ళ మీద కొట్టేది. "గీ అక్షరం ఎవలకు పనికత్తదే, ఇడిసిపెట్టు" అంటే, "టీచర్ జెప్పింది, రాయాలె" అని కళ్ళు పెద్దవి చేసేది. రెండో ఏడు వచ్చేసరికి నేను బస్సు బోర్డులు చదివాను. ఆ తర్వాత దుకాణం బోర్డులు, గోడ మీద రాతలు, కిరాణా పొట్లం కట్టిన కాగితం, ఏది కనబడితే అది. ఇప్పటికీ బయటికి పోతే నోరు ఆగదు, బోర్డులన్నీ పైకే చదువుతాను. మనవడికి సిగ్గు. "అమ్మమ్మా, మనసుల సదువుకో" అంటాడు. మనసులో చదివితే చదివినట్టు ఎట్లా తెలుస్తుంది?

*

మొదటిసారి మంగళవారం పోయాను. సోమవారమైతే ఆ తోవలో వేములవాడ గుడికి పోయే జనంతో బస్సులో కాలు పెట్టే చోటుండదు. సంచిలో బువ్వ గిన్నె, నీళ్ళ సీసా, మనవరాలి పాత నోటుబుక్కు, పెన్ను. వాటితోపాటు కత్తెర, ఆకు కత్తిరించే రేకు. బీడీ ఆకును ఒక కొలతకు కోయడానికి చిన్న రేకు ముక్క ఉంటుంది. దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కత్తెర ఆడిస్తాం. నేను ఎక్కడికి పోయినా ఆ రెండూ సంచిలో ఉంటాయి. చేతులు ఊరికే ఉంటే నాకు తోచదు.

కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఊరికే అయ్యాక ఇచ్చే టికెట్ అది. అది లేకపోతే నేను ఈ పని మొదలుపెట్టేదాన్నే కాదు. రెండు గంటలు కిటికీ పక్కన కూర్చుని దారిలో వచ్చిన ఊళ్ళ పేర్లన్నీ చదువుకుంటూ పోయాను. వెనక సీటు ఆయన, "అమ్మా, నువ్వు గిట్ల జెప్తాంటే నాకు దిగుడు ఆల్కగైంది" అన్నాడు.

సిరిసిల్లలో దిగి ముందు కాలేజీ దగ్గరికి పోయాను. లోపలికి పోలేదు. గేటు దగ్గర నిలబడి, అక్కడి నుంచి ఎటు నడిస్తే ఇళ్ళున్నాయో చూసుకుంటూ బయల్దేరాను. నోటుబుక్కులో రాసుకున్నాను: గేటు ముందు టీకొట్టు. మలుపు దగ్గర మందుల దుకాణం. అక్కడ కుక్కలు మూడు. నీళ్ళు ఏ పూట వస్తాయో అడగాలె.

నాలుగు గల్లీలు చూశాక నాకు కావలసిన గల్లీ దొరికింది. ఏడెనిమిది గడపల మీద చాటలు ఉన్నాయి. ఒక ఇంటి మీద "గది కిరాయికి ఇవ్వబడును" అని అట్ట ముక్క వేలాడుతోంది. మేడ మీద గది, సున్నం కొత్తది, కిటికీ పెద్దది. ఇంటాయన నిదానస్తుడు. గది పక్కనే పెద్ద షెడ్డు ఉంది. సిరిసిల్ల అంటే మరమగ్గాలని, అవి నడిస్తే చెవులు పోతాయని చిన్నపిల్లకు కూడా తెలుసు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. అందుకే షెడ్డు దగ్గరికి పోయి చూశాను. తలుపుకు తాళం ఉంది. తాళం పైన బోర్డు ఉంది: "షెడ్డు అద్దెకు ఇవ్వబడును." పైకే చదివాను. మూతపడిన షెడ్డు, మంచిదే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. చదువుకున్నదాన్ని కదా, అడగడం ఎందుకు?

వచ్చే మంగళవారం అడ్వాన్సు ఇస్తానని ఇంటాయనకు చెప్పాను. తర్వాత ఎదురింటి గడప దగ్గర కూర్చున్నాను. ఆ ఇంటామెకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త సాంచాల మీద పని, ఈమె బీడీలు. ఒంటి చేత్తో నాలుగు పనులు చేస్తున్నది. పొయ్యి మీద కూర, బడి నుంచి ఫోను, చాటలో సగం చుట్టిన బీడీలు.

"ఎవలింటికి అచ్చినవ్ పెద్దమ్మా?" అంది.

"కోరుట్ల నుంచి అచ్చిన చెల్లె. గీ గదిలకు అత్తున్నం, నేను, నా మనుమరాలు. నువ్వు పొయ్యి జూసుకో పో, గప్పటిదాంక నేను సుడుత తియ్యి."

"నీకు అత్తదా?"

ఆమె ముందు ఒక్క బీడీ చుట్టి చూపించాను. కళ్ళు ఆమె మీదే పెట్టి చుట్టాను, ఆకు వైపు చూడలేదు. ఆమె నోరు తెరిచింది. నాకు గర్వంగానే ఉంది. దాచడం ఎందుకు?

సంచిలోంచి నా కత్తెర, నా రేకు తీశాను. ఆమె నానబెట్టిన ఆకు కోసుకుంటూ, పక్క గడపల వాళ్ళతో మాట్లాడుతూ, మధ్యాహ్నం దాటేవరకు చుట్టాను. చేతులు పనిలో ఉన్నప్పుడు మనుషులు అబద్ధం ఆడరు. నీళ్ళు దినం తప్పించి దినం వస్తాయని, మలుపు దగ్గర కుక్కలు కరవవు గాని వెంటపడతాయని, కూరగాయలు ఎక్కడ తాజాగా ఉంటాయో, ఏ ఆటో ఆయన ముసలివాళ్ళను సతాయిస్తాడో, అన్నీ చెప్పారు. ఎనిమిది కట్టలు కట్టి ఆమె చాటలో పెట్టి లేచాను. కట్టకు పాతిక బీడీలు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

బస్సులో నోటుబుక్కు తీసి, రెండు పేజీలు నింపాను. కింద పెద్ద అక్షరాలతో రాశాను: ఊరు మంచిది. గది మంచిది. సప్పుడు లేదు.

*

రెండో మంగళవారం అడ్వాన్సు నడుము సంచిలో కట్టుకుని పోయాను. కండక్టరు ఆయనే. "మల్ల అచ్చినవా అమ్మా? సిరిసిల్లల సీరె కొంటున్నవా, సాంచ కొంటున్నవా?" అన్నాడు.

"ఊరు కొంటున్న. టికెట్ కొట్టు" అన్నాను.

ఇంటాయన పన్నెండింటికి ఉంటానన్నాడు. నేను పదకొండుకే గల్లీలో ఉన్నాను. నేరుగా ఎదురింటి గడపకు పోయి, "ఎట్లున్నవ్ చెల్లె?" అన్నాను.

ఆమె తల ఎత్తింది. నవ్వలేదు. లోపలికి పోయి ఒక గుడ్డ మూట తెచ్చి నా ముందు విప్పింది. విరిచేసిన బీడీలు. తంబాకు ఒకవైపు, చిరిగిన ఆకు ఒకవైపు.

"నీ చేతివే" అంది.

ఆమె తన రేకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీదిగూడ తియ్యి" అంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. నాది గోరంత పొట్టి.

ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. కొత్తగా చేరే పిల్లలకు నేనే చెప్పేదాన్ని, ముందు రేకు చూసుకోండి అని. నలభై ఏళ్ళ చేతికి చూసుకునే పనేమిటనిపించింది ఆ రోజు. ఆమె నా కట్టలను తన కట్టలతో కలిపి కార్ఖానాకు తీసుకుపోయింది. అక్కడ బీడీలు చూసి తీసుకునే మనిషి పైనున్న కట్ట కొలిచాడు, పొట్టి. రెండోది కొలిచాడు, పొట్టి. ఇంక చూడకుండా మొత్తం విరిచి పారేశాడు. నావే కాదు, ఆమెవి కూడా. అన్నీ కలిపి పదహారు కట్టలు.

పక్క గడపల నుంచి ఒక వయసు పిల్ల అంది: "కోరుట్లల బీడీలు పొట్టోళ్ళు తాగుతరా పెద్దమ్మా?"

అందరూ నవ్వారు. ఎదురింటామె నవ్వలేదు.

"పొడుగోళ్ళే తాగుతరు బిడ్డా. జెల్ది తాగి పనికి పోతరు" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. నాకు మాత్రం లోపల నవ్వు లేదు. ఎదురింటామె ముందు కూర్చుని, "తప్పు నాది. నీ రేకు ఇయ్యి, ఆకు ఇయ్యి. ఎన్ని పోయినయో అన్ని సుట్టి లేత్త" అన్నాను.

"గవన్ని ఒక్కపూట అయితయా? నీకు గది పని ఉన్నది గదా."

"గది యాడికి పోదు."

ఆమె చాట నా వైపు తోసింది.

కొత్త కొలత చేతికి పట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. నా బొటనవేలు పాత చోటే ఆగుతోంది. దారం పాత చోటే చుట్టుకుంటోంది. ప్రతి బీడీ కళ్ళు పెట్టి చూస్తూ చుట్టాను, మొదటి నెల చుట్టినట్టు. గంటకు మూడు కట్టలు కూడా కాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లలా ఉన్నాను నేను ఆ గడప మీద. పన్నెండు దాటింది. ఇంటాయన మేడ మీద నుంచి తొంగి చూసి, "అమ్మా, వత్తలేరా?" అన్నాడు. "జెర ఆగుండ్రి, చేతుల పనున్నది" అన్నాను. ఒంటిగంట బస్సు కూడా పోయింది.

రెండున్నర ప్రాంతంలో గల్లీలోకి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. నిండా నూలు చుట్టిన పెద్ద పెద్ద బీములు. అది ఆ తాళం వేసిన షెడ్డు ముందు ఆగింది. నలుగురు మనుషులు తాళం తీశారు. నేను దారం నోట్లో పెట్టుకునే చూస్తున్నాను. కొంతసేపటికి ఒక సాంచ మొదలైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ. నా ఒళ్ళో చాట అదిరింది. చాటలో తంబాకు ఎగిరి ఎగిరి పడింది. నేను కేక వేస్తే గాని నా మాట నాకే వినబడలేదు.

"గా షెడ్డు బందయింది గదా!"

"ఎవలు జెప్పిండ్రు?" ఆమె కూడా కేక వేసింది.

"బోర్డు ఉన్నది గదా!"

"బోర్డు నిరుటిది! పది దినాలాయె కిరాయికి పోయి! నూలు రాక ఆగిండ్రు గంతే!"

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగినవా? నీళ్ళడిగినవ్, కుక్కలడిగినవ్. సప్పుడు అడగలే! మాకు సాంచలు ఆగితేనే ఇనబడుతది, నడుత్తె ఇనబడదు!"

నాకు బోర్డు చదవడం వచ్చింది గాని అది పాతదో కొత్తదో అడగడం రాలేదు. పన్నెండింటికి అడ్వాన్సు ఇచ్చి ఒంటిగంట బస్సు ఎక్కి ఉంటే, పొల్లను తెచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాకే ఆ చప్పుడు వినేదాన్ని. ఆ గల్లీలో పుట్టినవాళ్ళు చదువుకుంటారు ఆ చప్పుడులో, నిద్రపోతారు కూడా. నా మనవరాలు పంకా తిరిగితే కూడా పుస్తకం మూసేది. నన్ను ఆ గడప మీద కూర్చోబెట్టింది నా పొట్టి బీడీలే.

సాయంత్రం అయిదింటికి చివరి కట్ట కట్టాను. ఎదురింటామె తన రేకుతో నాలుగు చోట్ల కొలిచింది. సరిపోయింది. అప్పుడు నవ్వింది. కొంగు దులుపుకుని లేచి, చెయ్యి పట్టి నన్ను లేపింది.

"రా. సప్పుడు లేని గది సూపెడ్త. జెర పాడుగుంటది. నన్ను తిట్టద్దు."

రెండు గల్లీల వెనక ఆమె ఆడబిడ్డ ఇల్లు. పెరట్లో వేరే గది ఉంది. పైన రేకులు. గోడకు సున్నం ఎప్పుడు వేశారో ఆ ఇంటివాళ్ళకే గుర్తు లేదు. కిటికీ ఒకటే. కానీ చుట్టూ మూడు వైపులా ఇళ్ళు, సాంచాలు లేవు, బోరు నీళ్ళు ఉన్నాయి. ఈసారి నేను అడిగాను. సాంచాలు ఎక్కడున్నాయి, మిల్లు ఎక్కడుంది, బ్యాండుమేళం వాళ్ళ ఇల్లు ఎక్కడుంది, మైకు ఏ వైపు కడతారు, అన్నీ అడిగాను. ఆడబిడ్డ విసిగి, "నువ్వు గది దీసుకుంటున్నవా, పిల్లనిత్తున్నవా?" అంది.

మేడ గది ఇంటాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పి దండం పెట్టాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఆయనకూ ఆ చప్పుడు వినబడదు.

*

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. పొట్టి బీడీలు కూడా చెప్పాను. చెప్పకుండా ఉంటే పనయ్యేది. కానీ పొల్లను నమ్మి నాతో పంపేవాళ్ళకు అబద్ధం చెబితే ఎట్లా? మర్నాడు పొద్దున అల్లుడు వీడియో కాల్ చేశాడు. నా బిడ్డ ఫోనును గోడకు ఆనించి, ముందు తనే మాట్లాడింది.

"ఇన్నవా? మీ అత్త ఎవలియో బీడీలు కరాబు జేసచ్చింది. సాంచల పక్కన గది సూసి మంచిదన్నది. గిప్పుడు రేకుల గది సూసి మంచిదంటున్నది. గీమె చేతుల పొల్లను పెట్టాల్నట!"

అల్లుడు నవ్వు ఆపుకుంటున్నాడు. "అత్తమ్మా, నిజమేనా?"

"నిజమే అల్లుడా. రెండు తప్పులు జేసిన. మల్ల పోయి రెండు సరిజేసిన. గీమె ఒక్కటి గూడ జెయ్యలే, ఎందుకంటె గీమె గడప దాటలే."

"సూసినవా, సూసినవా!" అని నా బిడ్డ గోడకు చెప్పింది. ఈసారి గోడ మీద భర్త కూడా ఉన్నాడు.

అల్లుడు మనవరాలిని పిలిచాడు. "ఏం బిడ్డా, రేకుల కింద ఉంటవా? ఎండకాలం కాల్తది."

మనవరాలు నా వైపు తిరిగి అడిగింది. "అమ్మమ్మా, కాలేజీ నుంచి ఎంతసేపు నడువాలె?"

"ఒక కట్ట సుట్టేంత సేపు."

అది తల ఊపింది. చిన్నప్పటి నుంచి నా ఒళ్ళో చాట చూసిన పిల్ల. కట్ట అంటే పావుగంట అని దానికి వేరే చెప్పనక్కర లేదు. "ఉంట బాపూ" అంది.

అల్లుడు ఫోను తిప్పి తన గది చూపించాడు. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరిన బట్టలు, పైన రేకులు. పదేళ్ళలో ఆయన మాకు ఎప్పుడూ ఆ పైకప్పు చూపించలేదు. బజార్లు చూపించేవాడు, సముద్రం చూపించేవాడు.

"నేను గూడ రేకుల కిందనే పంటున్న గదా. గది ముచ్చట గాదు. మనుషులు ఎట్లున్నరో సూడాలె" అని భార్యతో అన్నాడు. "నువ్వు పోయి సూసిరా. నీకు నచ్చితే పంపు. నచ్చకపోతే జగిత్యాలనే."

పన్నెండు రోజుల్లో మిగిలినవి రెండు.

*

మూడోసారి ఇద్దరం పోయాం. నా బిడ్డ భుజానికి కుట్టుపని సంచి తగిలించుకుంది. నేను బోర్డులు చదువుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాలేజీ గేటు దగ్గర ఆగి, "నువ్వు ఇక్కడ్నుంచి ఒక్కదానివే రా" అన్నాను.

"నాకు తోవ ఎర్కనా?"

"పొల్లకు గూడ మొదటి దినం ఎర్కుండదు. టీకొట్టు, మందుల దుకాణం, గాడికెళ్ళి ఎడమకు. నేను ఆటోల పోత."

గది ముందు అరుగు మీద చాట పెట్టుకుని కూర్చున్నాను. ఎదురింటి చెల్లె ఇచ్చిన ఆకు, ఆమె ఇచ్చిన రేకు. ఒక కట్ట అయింది. రాలేదు. ఇంకొక కట్టలో సగం అయింది. మలుపులో నా బిడ్డ కనబడింది, ముఖం చిటపటలాడుతోంది.

"గీ ఊరోళ్ళేందే అవ్వా, నడువనిత్తలేరు! ఎవలింటికి అని ఒకామె. ఏ ఊరు అని ఒకామె. కోరుట్ల అంటె, 'ఓ, పొట్టి బీడీల పెద్దమ్మ బిడ్డవా' అని ఇంకొకామె నిలవెట్టింది. నాకంటె ముందుగల్ల మందుల దుకాణం దాంక ముచ్చట పోయింది. ఒకామె నాతోని గీడిదాంక నడిసచ్చింది, తోవ తప్పుతనని!"

వెనక నిజంగానే ఒక ఆమె ఉంది. గడపలో చాట పెట్టి, తంబాకు చేతులతోనే వచ్చింది. నన్ను చూసి, "సొమ్ము అప్పజెప్పిన, సూసుకో" అని తిరిగిపోయింది.

నేను బీడీ మూతి మడుస్తూ కూర్చున్నాను. చెప్పాల్సింది ఆ గల్లీ చెప్పింది. నా బిడ్డ గదిలోకి పోయింది. గోడలు చూసింది. పైకప్పు రేకు మీద వేలితో కొట్టి చూసింది. దూరంగా, ఎక్కడో రెండు గల్లీల అవతల సాంచాలు నడుస్తున్నాయి, వాన పడుతున్నట్టు.

తర్వాత సంచి జిప్పు తీసిన చప్పుడు వినబడింది. తొంగి చూశాను. నా బిడ్డ మెడలో టేపు వేసుకుని, మునివేళ్ళ మీద నిలబడి కిటికీ కొలుస్తోంది. పరదాకు.

"అవ్వా, గా నోటుబుక్కు, పెన్ను ఇటు దే. నేను జెప్త, నువ్వు రాయి" అంది.

పొడుగు ఎంతో, అడ్డం ఎంతో చెప్పింది. రాశాను. ఒక గోరంత ఎక్కువే రాసుకున్నాను.